తలుపుకున్న వెసులుబాటు

సోమవారం, రెండో తారీఖు

గోడ పగలగొట్టడం మొదలైంది. దుమ్ము లేస్తుందని నేను ముందే చెప్పాను. లేచింది.

బుర్రలో తిరిగేవన్నీ రోజూ కాగితం మీద పెట్టెయ్యండి, తల తేలికవుతుంది అని చెప్పింది బీపీ చూసే డాక్టరమ్మ. పెడుతున్నాను. తల తేలికవలేదు గానీ కాగితం బరువెక్కుతోంది. అయిదో తరగతి చదువుకి అక్షరాలు ఇలాగే వస్తాయి. చదివేదీ నేనే, వెక్కిరించేదీ నేనే.

ఇవాళ్టి దిగుళ్ళు. అక్క తుంటి. పగలగొడుతున్న గోడ. దాన్ని చూసి పక్కనున్న నా గది గోడ కూడా కూలుతుందేమోనని. మేస్త్రీ సుత్తి కాలి మీద పడేసుకుంటాడేమోనని. చెప్పులు కూడా లేకుండా కొడుతున్నాడు.

అక్క స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది. ఆస్పత్రిలో నడక నేర్పుతున్నారు, ఈ వయసులో. ఈ నెల ఇరవై ఎనిమిదిన పంపించేస్తారట. వాళ్ళబ్బాయి ఉండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. వాడు ఫోన్ చేసి, "పిన్నీ, మీ ఇంట్లో కింద గదీ దానికో స్నానాలగదీ సిద్ధంగా ఉంటే అమ్మని మీ దగ్గరికి పంపుతా. లేకపోతే వృద్ధాశ్రమంలో ఒక మంచం చూసి ఉంచాను, ముందు రోజు సాయంత్రానికి ఏ సంగతీ వాళ్ళకి చెప్పాలి" అన్నాడు. మావాడు నా చేతిలోంచి ఫోను లాక్కుని, "పెద్దమ్మ మా దగ్గరికే వస్తుందిరా" అనేశాడు.

అందుకని నా గది పక్క సామాన్ల కొట్టు అక్క గది అవుతోంది. దాని వెనక సందు స్నానాలగది అవుతోంది.

అక్క వస్తే మంచిదే. నాకూ తోడు.

మంగళవారం

మావాడు ఆఫీసు నుంచి చాపంత కాగితం తెచ్చి వంటింటి గోడకి అంటించాడు. నిండా అడ్డగీతలు. కొన్ని ఎరుపు, కొన్ని పచ్చ. వాడి ఉద్యోగమే అది. నది మీద వంతెన కడుతున్నారు, అందులో ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు అవ్వాలో వీడు గీస్తాడు. వంతెన నది మధ్యలో ఆగి ఉందట. "కాగితం మాత్రం ఎప్పుడో అవతలి ఒడ్డుకి చేరింది" అంటుంది కోడలు. కోడలు రక్తపరీక్షల చోట పనిచేస్తుంది. సూది గుచ్చినట్టు తెలియకుండా గుచ్చడం అలవాటు.

ఎర్రవేమిటి, పచ్చవేమిటి అని అడిగాను. అడిగిందే తడవు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, చిన్నప్పుడు మనం ఊరెళ్ళాలంటే ఏమయ్యేది? నువ్వు నాకు స్నానం చేయించాలి, బట్టలు తొడగాలి, తర్వాత నువ్వు తయారవ్వాలి, ఇంటికి తాళం వెయ్యాలి. ఒకటయ్యాకే ఇంకొకటి. వీటిలో ఏది పది నిమిషాలు లేటైనా బస్సు పోతుంది. అన్నిట్లోకీ పొడుగైన వరస అది. దాన్నే క్రిటికల్ పాత్ అంటారు. అదే ఎర్ర గీత. మరి నాన్న పనేమిటి?"

"చొక్కా వేసుకోవడం."

"వేసుకుని?"

"గేటు దగ్గర నిలబడి అరవడం."

"ఆ అరిచిన సేపంతా ఫ్లోట్. అంటే వెసులుబాటు. ఆయన చొక్కా అరగంట ఆగి వేసుకున్నా బస్సుకేం కాదు. అది పచ్చ."

పోయిన మనిషి గురించి ఇన్నాళ్ళకి ఒక సంగతి తెలిసింది. ఆయనకి ఓపిక తక్కువ అనుకున్నాను. కాదు, వెసులుబాటు ఎక్కువ.

"కాబట్టి అమ్మా, దిగులు పడితే ఎర్రవాటికి పడు. పచ్చవాటి జోలికి పోకు. సగం దిగులు తగ్గుతుంది."

రంగు చూసి దిగులు పడటం ఈ వయసులో నేర్చుకోవాలి. అక్కకి నడక, నాకు ఇది.

బుధవారం

ఎర్రవి: నేల తవ్వడం, గొట్టాలు వెయ్యడం, సిమెంటు, నీళ్ళు నిలబెట్టి కారుతుందేమో చూడటం, టైల్సు, కమోడు.

పచ్చవి: కిటికీ రంగు, మంచం, స్నానాలగది తలుపు. తలుపుకి అయిదు రోజుల వెసులుబాటు ఉందట.

ఎర్ర గీత మీద ఉన్నానని మేస్త్రీకి తెలిసిపోయింది. ఇవాళ టీ మూడుసార్లు అడిగాడు. రంగులేసే అతను తెల్లమొహం వేసుకుని చూస్తున్నాడు, ఒక్కసారి కూడా అడగలేదు. పచ్చవాడు కదా.

శుక్రవారం

రోజూ పొద్దున వంటింట్లో మీటింగు. మావాడు చేతిలో పుల్ల పట్టుకుని కాగితం ముందు నిలబడతాడు. మేస్త్రీ, వడ్రంగి, రంగులతను వరసగా నిలబడతారు. పొయ్యి దగ్గరికి వెళ్ళాలంటే నేను వాళ్ళ మోచేతుల కిందనుంచి దూరాలి.

"ఈరోజు మన లక్ష్యం?" అన్నాడు మావాడు.

"గొట్టాలు సార్" అన్నాడు మేస్త్రీ.

"నిన్నటి లక్ష్యం?"

"గొట్టాలే సార్."

"అంటే నిన్న అవ్వలేదా?"

"లక్ష్యం నిన్ననే అయిపోయింది సార్. గొట్టాలు ఎల్లుండికి అయిపోతాయి."

మావాడు తలూపి ఏదో రాసుకున్నాడు. ఆఫీసులో కూడా ఇలాగే తలూపుతాడా అని కోడలు అడిగింది. "అక్కడ నిలబడి ఊపుతారా, కూర్చునా?"

ఈ మేస్త్రీకి ఎల్లుండి తప్ప ఇంకో రోజు తెలియదు. ఎల్లుండి మేస్త్రీ అని పేరు పెట్టాను, నాలో నేను. మధ్యాహ్నం చూస్తే సిమెంటు బస్తాల మీద పడుకుని ఉన్నాడు. "ఏమయ్యా, పని లేదా?" అన్నాను. "నేనిప్పుడు ఫ్లోటులో ఉన్నానమ్మగారూ" అన్నాడు కళ్ళు తెరవకుండానే. ఎర్రవాడికి ఫ్లోటేమిటని అడుగుదామనుకున్నాను. పడుకున్న మనిషిని లేపితే పాపమని ఊరుకున్నాను.

శనివారం

ఎల్లుండన్న గొట్టాలు నిన్న రాత్రికే అయిపోయాయి, ఇవాళ సిమెంటు వేశారు. ఇప్పుడు ఎవరూ ఏమీ చెయ్యరు, అది గట్టిపడాలి. అయినా కాగితం మీద ఎర్రగానే ఉంది. "ఆగడం కూడా పనేనమ్మా, దాన్ని తొందరపెట్టలేం" అన్నాడు మావాడు. ఆ లెక్కన నేనూ పనిమంతురాలినే.

అయినా మనసాగక, అందరూ వెళ్ళాక ఒక అట్టముక్క తీసుకుని గుమ్మంలో కూర్చుని నేలకి విసిరాను. రెండు చేతులూ నొప్పి పుట్టేదాకా. త్వరగా ఆరితే అందరికీ మంచిదే కదా.

మేస్త్రీ మర్చిపోయిన తాపీ కోసం వచ్చి చూశాడు. "అయ్యో అమ్మగారూ, అది తడిగా ఉండాలి. ఆరితే బీటలు తీస్తుంది. దానికి నీళ్ళు పొయ్యాలి గానీ గాలి కాదు" అని మళ్ళీ బకెట్టుడు నీళ్ళు పోశాడు.

సాయం చెయ్యబోతే ఇలాగుంటుంది.

ఆదివారం

"నేను ఎరుపా పచ్చా?" అని అడిగాను మావాణ్ణి.

"నువ్వు చార్టులోనే లేవమ్మా" అన్నాడు. అని, కాసేపు నా మొహం చూసి, "అవును సుమా, పెట్టాలి" అని లేచి పెన్సిలు తీసుకున్నాడు. అన్నిటికంటే కింద ఒక గీత గీశాడు. పక్కన రాశాడు. పగలు పెద్దమ్మను చూసుకోవడం: అమ్మ. గీత ఇరవై ఎనిమిదో తారీఖున మొదలై కాగితం చివరిదాకా పోయింది. కాగితం అయిపోతే చివర బాణం వేశాడు.

"ఎంతవరకూ అది?"

"అంటే... ఉన్నంతవరకూ."

"ఎవరు ఉన్నంతవరకూ?"

నవ్వాడు. "దీని వెనకాల ఇంకో పని లేదు కాబట్టి బోలెడు వెసులుబాటు. పచ్చ పెన్సిలుతో దిద్దుతా చూడు."

దిద్దాడు. బాగానే ఉంది. ఒకరికి అన్నం పెట్టి మంచినీళ్ళు అందించడమే కదా.

మావాడు ఎనిమిదింటికి వెళ్తాడు, కోడలు ఎనిమిదిన్నరకి. ఇద్దరూ వచ్చేసరికి చీకటి పడుతుంది. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే.

అక్క నాకంటే పొడుగు. ఒళ్ళు కూడా.

సోమవారం

సరిగ్గా నిద్ర పట్టలేదు. కిటికీ రంగు వాసన.

మంగళవారం

స్నానాలగది తలుపుకి కొలతలు తీసుకుంటానని వడ్రంగి వచ్చాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. మేస్త్రీ దుమ్ము ఇంకా దిగలేదు, కొలతలు దుమ్ముతో కలిపి తీసుకుంటే తలుపు పొడుగైపోతుందేమో. రెండు రోజులాగి రమ్మన్నాను.

"సార్ ఏమంటారో" అన్నాడు.

"తలుపు పచ్చ కదయ్యా. అయిదు రోజులుంది."

"ఓహో, అవును కదా" అని సంతోషంగా వెళ్ళిపోయాడు.

రంగుల సంగతి నాకు బాగానే పట్టుబడుతోంది.

గురువారం

వడ్రంగి వచ్చాడు, కొలిచాడు, వెళ్ళాడు. ఆస్పత్రి నుంచి అక్క ఫోన్ చేసింది.

"ఒసే గాభరా, ఎలా ఉన్నావే?"

చిన్నప్పటి నుంచీ నన్ను అలాగే పిలుస్తుంది. నా అసలు పేరు అక్కకి గుర్తుందో లేదో.

"నేను బాగానే ఉన్నానక్కా. నువ్వెలా ఉన్నావు?"

"నాలుగు కాళ్ళ స్టాండొకటి ఇచ్చారు. అది ముందు నడుస్తుంది, వెనక నేను. పెళ్ళయినప్పటి నుంచీ అలవాటేగా." నవ్వింది. "గది ఎంతవరకొచ్చింది?"

"అవుతోంది. పెద్ద పనక్కా. ఎర్ర గీతలూ అవీ ఉంటాయి."

"ఏమిటో. నువ్వు దిగులు పడకు."

నేనేం దిగులు పడట్లేదు. పచ్చవాటికైతే అసలు పడట్లేదు.

శుక్రవారం

బీపీ పెరిగింది. రంగు వాసనే.

సోమవారం

నేల మీద నీళ్ళు నిలబెట్టారు, చుక్క కూడా కారలేదు. మేస్త్రీ టైల్సు మొదలుపెట్టాడు. ఏమైనా మనిషి పనిమంతుడే, పడుకోకుండా ఉంటే.

వడ్రంగి తలుపు చెక్క తెచ్చి గుమ్మానికి ఆనించి చూపించాడు. లోపలికి తెరుచుకుంటుంది. లోపల పడితే? మనిషి తలుపుకి అడ్డంగా పడి ఉంటే తలుపు తెరవడం ఎలా? నేను తోయగలనా?

"బయటికి తెరుచుకోవాలయ్యా" అన్నాను.

"అమ్మా, గుమ్మానికి గాడి అటు చెక్కేశాను. మళ్ళీ ఇటు చెక్కాలంటే రెండు రోజులు."

"ఉన్నాయిగా. అయిదు."

అతను వేళ్ళు మడిచి ఏదో లెక్కేసుకుని, సరేనన్నాడు. సాయంత్రం మావాడితో చెబితే మెచ్చుకున్నాడు. "మంచి పాయింటమ్మా. సేఫ్టీ." కోడలు మాత్రం నా వంక ఒక చూపు చూసింది.

మంచి పాయింటే. ఎవరైనా ఒప్పుకుంటారు.

బుధవారం

టైల్సు ఒకరోజు వెనకపడ్డాయి. మావాడు కొత్త కాగితం తెచ్చి పాతదాని మీద అంటించాడు. కొత్త కాగితం ప్రకారం ఏదీ వెనకపడలేదు.

"ఇదెలారా?"

"ప్లాను సవరించానమ్మా. ఇప్పుడు మనం టైముకే ఉన్నాం."

"మరి నిన్న?"

"నిన్న పాత ప్లాను."

కోడలు టీ కలుపుతూ, "మా చోట కూడా ఇలా చేస్తే బాగుండు. షుగరు ఎక్కువొచ్చినవాళ్ళకి కాగితం మార్చి ఇచ్చేస్తాం" అంది.

వాడు నవ్వలేదు. మేస్త్రీ నవ్వాడు. ఎర్రవాడు కదా, ధైర్యం.

శుక్రవారం

వడ్రంగి రాలేదు. ఫోన్ చేస్తే, "అయిదు రోజులున్నాయి కదమ్మా, మా బావమరిది ఇంటి పైకప్పు చూసుకుంటున్నా" అన్నాడు.

ఇతని అయిదు రోజులు ఏవో నాకు అర్థం కాలేదు. ఆ అయిదూ నేను వాడుకున్నవే అనుకున్నాను.

ఆదివారం

మావాడు మొహం గంటు పెట్టుకుని ఇంకో కాగితం అంటించాడు. గోడ మీద కాగితాలు దుప్పటిలా మందమయ్యాయి. ఇందులో తలుపు ఎర్రగా ఉంది.

పచ్చగా ఉన్నది ఎర్రబడటం కాయల్లోనే చూశాను. అవి పండితే కోస్తాం. ఇదేం చెయ్యాలి?

"తలుపుకున్న వెసులుబాటంతా అయిపోయిందమ్మా. ఎలా అయిపోయిందో తెలీదు. కొలవడానికి అయిదు, చెక్కడానికి అయిదు, బిగించడానికి అయిదు అని ఎవడికి వాడు అనుకున్నాడు. అలా కాదు. మొత్తం తలుపు వరసకంతా కలిపి అయిదే. ఒకడు వాడుకుంటే తర్వాతవాడికి ఉండదు. ఇప్పుడు తలుపు ఒక్కరోజు జరిగినా మొత్తం పని జరుగుతుంది."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ అల్లుళ్ళు ఇద్దరు. సొమ్ము ఒక్కటే.

వడ్రంగి కాక రెండోవారెవరో నేను రాయక్కర్లేదు. అయినా నేనేం నా కోసం వాడుకోలేదు. దుమ్ము. సేఫ్టీ.

గిన్నెలు తోముతుంటే కోడలు వచ్చి పక్కన నిలబడింది.

"అత్తయ్యా, తలుపంటే మీకెందుకంత దిగులు?"

"నాకన్నిటికీ దిగులేనమ్మా. తెలీదూ?"

"తెలుసు. కానీ ఈ మధ్య మిగతావన్నీ మానేశారు. మేస్త్రీ చెప్పుల్లేకుండా సుత్తి పట్టుకున్నా ఏమీ అనట్లేదు."

ఒక గిన్నె రెండుసార్లు తోమాను.

మంగళవారం

వడ్రంగి తలుపు తెచ్చాడు. బాగుంది. బయటికి తెరుచుకుంటుంది. ఇప్పుడు ఎర్రవాడు కాబట్టి టీ అడిగాడు, మేస్త్రీకంటే పెద్ద గ్లాసులో ఇచ్చాను. మేస్త్రీ ముభావంగా ఉన్నాడు.

తలుపుకి లోపలివైపు గడియ ఉంది. అక్క గడియ వేసుకుంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే, రెండుసార్లు లాగి చూసుకుంటుంది. గడియ వేసుకుని లోపల పడితే? పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే.

"బయటినుంచి కూడా తెరవడానికి వీలయ్యే గడియ కావాలి" అన్నాను.

"అలాంటిది వెతకాలమ్మా. బిగించాలంటే తలుపు తిరిగి తీసుకెళ్ళి గాడి కొట్టాలి."

"వెతుకు."

"సార్ ఇది ఎరుపన్నారు."

"ఎరుపైతే పడరా మనుషులు?"

అతనికి అర్థం కాలేదు. తలుపు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అతను సందు మలుపు తిరిగేదాకా చూశాను. ఏమిటో, కాస్త తేలిగ్గా అనిపించింది. డాక్టరమ్మ చెప్పింది ఇదే కాబోలు.

గురువారం

కమోడు బిగించారు. మంచం వచ్చింది. కిటికీ రంగు ఆరింది. అన్నీ ఉన్నాయి, తలుపు లేదు. గడియ దొరికిందట గానీ వడ్రంగి ఏదో బడి కిటికీలు బిగించడానికి వెళ్ళాడు, సోమవారం వస్తాడట. మావాడు ఫోన్లో అరుస్తున్నాడు, గేటు దగ్గర నిలబడి. అచ్చం వాళ్ళ నాన్నే. కానీ వీడికి వెసులుబాటు లేదు.

శుక్రవారం, ఇరవై ఏడు

ఇవాళ పేజీలు ఎక్కువవుతాయి. అవ్వనీ.

పొద్దున్నే అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, సాయంత్రం అయిదులోపు స్నానాలగది ఫోటో పంపండి. చూసి నిర్ణయం తీసుకుంటా. తలుపు కూడా లేని గదికి పంపలేను కదా. లేకపోతే అక్కడ మంచం ఖాయం చేసేస్తాను, ఏమీ అనుకోకండి. ఏడాదికి రాసుకుంటారట, మధ్యలో మార్చడానికి కుదరదు."

మావాడు ఆఫీసుకి పోతూ, "ఇంకో ప్లాను గీస్తానమ్మా" అన్నాడు. కోడలు చెప్పులేసుకుంటూ, "ఆ ఆశ్రమం వాళ్ళు ఈయన కాగితం చూసి మంచం ఆపుతారా?" అంది. అని నా వైపు తిరిగి, "అత్తయ్యా, ఒకసారి పెద్దత్తయ్యతో మాట్లాడండి" అని వెళ్ళిపోయింది.

మాట్లాడటానికేముంది. కానీ మాట్లాడాను.

"అక్కా, తలుపు అవ్వలేదే. సోమవారానికి గానీ అవ్వదట. మీవాడేమో..."

"చెప్పాడు. ఏ తలుపు?"

"స్నానాలగది తలుపు. అంతా దాని మీదే ఆగింది."

"నాకు తలుపు ఎందుకే?"

"స్నానాలగదికి తలుపు లేకుండా ఎలాగక్కా?"

"నేను పడ్డరోజు తలుపుంది. గడియ కూడా వేసి ఉంది. అందుకే కదే, మావాడు వచ్చి బద్దలు కొట్టేదాకా చల్లటి నేల మీద పడి ఉన్నాను! తలుపు పేరెత్తితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నన్ను ఒక్కళ్ళు అడిగారా, తలుపు కావాలా అని?"

ఎవరూ అడగలేదు. మావాడి కాగితంలో అన్ని గీతలున్నాయి. అక్కని అడగడం అన్న గీత లేదు, ఎర్రదీ లేదు, పచ్చదీ లేదు. నేనైనా అడిగానా. రోజూ ఫోన్ చేసేది.

"సరే అదలా ఉంచు" అంది అక్క. "నేను రావడం నీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పు."

"నేనలా అనలేదు."

"అనలేదు. తలుపు, తలుపు అంటున్నావు."

ఫోనుతోనే స్నానాలగది గుమ్మం దాకా వెళ్ళాను. కమోడు కొత్తగా మెరుస్తోంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

"పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే అక్కా. నువ్వు పడితే నేను లేపలేను. నాకు బలం లేదు. చూస్తూ ఉండాలి. నా వల్ల కాదు."

అటువైపు స్టాండు జరిపిన చప్పుడైంది.

"ఒసే గాభరా" అంది. "నిన్ను లేపమని ఎవరన్నారే? నీ మొహానికి బిందె లేవదు. ఆ రోజు నేను ఏడ్చింది ఎవరూ లేపలేదని కాదు. మాట్లాడే మనిషి లేక. గోడతో మాట్లాడాను. గోడకి నాకంటే ఓపిక ఎక్కువ, పలకలేదు. మళ్ళీ పడితే నువ్వూ వచ్చి నా పక్కన కింద కూర్చో. సాయంత్రం వాళ్ళు వచ్చి ఇద్దర్నీ కలిపి లేపుతారు."

"ఇద్దరం ఏం చేస్తాం అంతసేపు, కింద కూర్చుని?"

"నువ్వు దిగులు పడు. నేను వింటాను. ఎలాగూ చేసేది అదేగా."

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, అది రాయక్కర్లేదు.

ఫోన్ పెట్టేశాక నా మంచం మీది పూల దుప్పటి తీశాను. మేస్త్రీ సామాన్లు సర్దుకుంటున్నాడు. "ఏమయ్యా, గుమ్మానికి అటూ ఇటూ మేకులు కొట్టి తాడు కట్టగలవా?"

"ఎల్లుండి..."

"ఇప్పుడు."

నన్నెప్పుడూ అలా చూడలేదు కాబోలు, తాపీ కింద పెట్టి సుత్తి తీశాడు. చెప్పులేసుకో అన్నాను. వేసుకున్నాడు. తాడు కట్టి దుప్పటి వేశాం. కింద కాస్త పొడుగైతే మడిచి కుట్టాను, కాలికి అడ్డం పడకుండా. అతనే తన ఫోన్లో ఫోటో తీసి పంపాడు.

అక్క కొడుకు వెంటనే ఫోన్ చేశాడు. "పిన్నీ, తలుపేదీ?"

"మీ అమ్మ వద్దంది."

"అమ్మ వద్దందా?"

"అడుగు. ఆవిణ్ణి అడగడం కూడా ఒక పనేరా."

సాయంత్రం మావాడు వచ్చి దుప్పటి చూశాడు, ఇటునుంచి చూశాడు, అటువైపు వెళ్ళి చూశాడు. "ఇది ప్లానులో లేదే" అన్నాడు.

కోడలు దుప్పటి అంచు పట్టుకుని కుట్టు చూసింది. ఇవాళ టీ తనే నాకు తెచ్చి ఇచ్చింది, పెద్ద గ్లాసులో.

శనివారం

వచ్చింది. చాలా చిక్కింది. పొడుగు కూడా తగ్గిందేమో. లోపలికి అడుగు పెడుతూనే, "ఈ గోడకి ఇదేం రంగే, జబ్బు మనిషికి ఇంకో జబ్బు వచ్చేలా ఉంది" అంది.

వంటింట్లో కాగితం ముందు స్టాండు ఆపి నిలబడింది. మావాడు పొద్దున్నే కొత్తది అంటించాడు. అందులో తలుపు లేదు, ఎప్పుడూ లేనట్టే ఉంది. తెర అని ఒక ఎర్ర గీత ఉంది, నిన్న మొదలై నిన్ననే అయిపోయింది. పని మొత్తం టైముకి అయిందట. రాసి ఉంది.

"ఈ అడుగునున్న బాణమేమిట్రా?" అంది అక్క.

"అది పగలు నిన్ను అమ్మ చూసుకునేది పెద్దమ్మా."

"మరి మీ అమ్మని ఎవరు చూసుకుంటారు? పెన్సిలిలా ఇవ్వు."

స్టాండు మీద ఒక చెయ్యి ఆనించి, అమ్మ అన్న మాట పక్కన రాసింది. అక్షరాలు నాకంటే వంకర. పెద్దమ్మ అని రాసింది.

సోమవారం

మావాడు ఎనిమిదింటికి వెళ్ళాడు, కోడలు ఎనిమిదిన్నరకి. వడ్రంగి తలుపు తెచ్చాడు, బయటినుంచి కూడా తెరుచుకునే గడియతో. చాలా బాగుంది. పెరట్లో గోడకి ఆనించాం. అక్క తువ్వాలు దాని మీద ఆరేశాను.

అక్క స్నానానికి వెళ్ళింది. నేను బయట ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. దుప్పటి వెనక నీళ్ళ చప్పుడు. నీళ్ళు ఆగాయి. నా గుండె కూడా.

"ఒసే గాభరా, ఉన్నావా?"

"ఉన్నా."

"ఊరికే అడిగా."